విశాఖ పెరట్లో కలుపు: మందు కొట్టకుండా అదుపు చేసే పద్ధతి

జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, విశాఖలో పది రోజుల్లో పెరడంతా పచ్చబడుతుంది. అందులో మీరు వేసిన మొక్కలు తక్కువ. తుంగ, గరిక, గలిజేరు, గడ్డిచామంతి ఎక్కువ. ఆ విడత తీసి నడుం వాల్చేలోపు అక్టోబరు, నవంబరు వాయుగుండాలు వచ్చి రెండో విడత మొలిపిస్తాయి. పైకి కనిపించేది పీకుతూ పోతే ఈ రెండు విడతల మధ్య తీరిక దొరకదు. మట్టిలో దాగిన గింజల మీదా గడ్డల మీదా దృష్టి పెట్టాలి. కొత్త గింజ రాలనివ్వకండి, ఖాళీ నేలకు ఎండ తగలనివ్వకండి. ఈ రెండూ రెండు మూడేళ్లు వదలకుండా చేస్తే పని బాగా తగ్గిపోతుంది.

కలుపు మందు సంగతి ముందే చెప్పుకుందాం. ఇంటి పెరట్లో కరివేపాకు, తులసి, కూరపాదులు అన్నీ రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటాయి. సముద్రపు గాలికి తుంపర ఎటు పోతుందో చెప్పలేం. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఆకుకూర కోసుకు తినే చోట దాని అవసరమే లేదు.

పీకే ముందు వేరు చూడండి

ఏ కలుపైనా ఒక మొక్కను గునపంతో వేరుతో సహా లేపి చూడండి. వేరును బట్టే పద్ధతి మారుతుంది.

గంగవాయిలి, ముళ్ల తోటకూర, వయ్యారిభామ, గడ్డిచామంతి, కుక్కవామింట, నేల ఉసిరి ప్రధానంగా గింజతో వ్యాపిస్తాయి. పూత పట్టకముందు తీసేస్తే వీటి కథ అక్కడితో ముగుస్తుంది. గరిక, పొన్నగంటి లాంటివి కణుపు కణుపుకీ వేరు దించుతాయి. వాటిని ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది. తుంగ నేలలో గడ్డలు పెడుతుంది, పైన ఎంత పీకినా కింద గడ్డ చెక్కుచెదరదు. అటికమామిడికి లావైన తల్లివేరు ఉంటుంది. పట్టి లాగితే పైభాగం తెగి చేతికొస్తుంది, వేరు మళ్లీ చిగురిస్తుంది. దాన్ని గునపంతో పక్కనుంచి పొడిచి లేపాలి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక బొరిగె, ఒక పార, ఒక చిన్న గునపం, చేతి తొడుగులు చాలు. బొరిగె అంచును వారానికోసారి ఆకురాయితో పదును పెట్టండి. మొద్దుబారిన బొరిగె మొక్కను కొయ్యదు, వంచి వదిలేస్తుంది.

చేతితో పీకడానికి వాన వెలిసిన మర్నాటి ఉదయం మంచిది. మట్టి తడిగా ఉండి చేతికి అంటకుండా ఉంటే వేరు తెగకుండా వస్తుంది. బొరిగెతో గీకడానికి మాత్రం పొడి నేల, మంచి ఎండ కావాలి, గీకినవి మధ్యాహ్నానికే వాడి చస్తాయి. జూలైలో ముసురు పట్టినప్పుడు గీకి అక్కడే వదిలేస్తే సగం మళ్లీ నాటుకుంటాయి. గంగవాయిలి అయితే పీకాక కూడా రోజుల తరబడి బతికుంటుంది, తడి మట్టి తగిలితే కాడనుంచే వేర్లు దించుతుంది. ముసురు రోజుల్లో తీసినదాన్ని తీసినట్టే గంపలో వేసి బయటికి తెచ్చేయండి.

కొత్త మడిలో విత్తే ముందు

కూరగాయలకు మొదటి ముప్పై, నలభై రోజులు కీలకం. అప్పుడు కలుపు పక్కన పెరిగిన బెండ, వంగ తర్వాత ఎంత ఎరువేసినా కోలుకోవు. అందుకే విత్తే ముందే కలుపును మొలిపించి చంపాలి.

1. మడిని తవ్వి, బెడ్డలు చిదిపి, ఎరువు కలిపి చదును చేయండి. విత్తడానికి పూర్తిగా సిద్ధం చేసి ఆపండి.
2. రోజ్‌క్యాన్‌తో పైన రెండు అంగుళాలు తడిసేలా నీళ్లు చల్లండి. వాన పడితే అదీ అక్కర్లేదు. పది, పన్నెండు రోజులు తడి ఆరకుండా చూసుకోండి.
3. కలుపు రెండు నుంచి నాలుగాకుల దశకు రాగానే, ఎండ ఉన్న ఉదయం, బొరిగెను నేలకు పడుకోబెట్టి అంగుళం లోతు మాత్రమే గీకండి.
4. మళ్లీ తడిపి, మరో పది రోజులాగి, రెండోసారి గీకండి.
5. ఇప్పుడు మట్టిని తిరగెయ్యకుండా, గింజ వేసే చోట మాత్రమే గాడి తీసి విత్తండి.

చాలామంది ఐదో మెట్టు దగ్గర మళ్లీ పార పట్టుకుని మడంతా తవ్వేస్తారు. అడుగున నిద్రపోతున్న గింజలు పైకొచ్చి వెలుతురు తగిలి మొలుస్తాయి, ఇరవై రోజుల శ్రమ పోతుంది. ఇంకో మాట: తోటకూర, పాలకూర వెదజల్లకండి, అరడుగు ఎడంతో వరసల్లో వేయండి. వరస తప్పి మొలిచిందంతా కలుపే కాబట్టి బొరిగెతో ధైర్యంగా గీకొచ్చు. వంగ, టమాటా, మిరప నారు పోసి నాటితే ఇంకా నయం, మొక్క కలుపు కంటే నెల రోజులు ముందుంటుంది.

ఎండతో ఉడికించడం

కలుపు బాగా ముదిరిన చోటు ఉంటే ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా ఆ మడిని ఖాళీగా ఉంచి ప్లాస్టిక్ పట్టా కప్పండి. పట్టా పారదర్శకంగా ఉండాలి. మందం 25 నుంచి 50 మైక్రాన్లు చాలు. నల్ల పట్టా తానే వేడెక్కుతుంది తప్ప ఎండను మట్టిలోకి దిగనివ్వదు.

పది అడుగుల చదరపు మడికి పన్నెండు అడుగుల చదరపు పట్టా తీసుకోండి. రాళ్లు, మోడులు ఏరి నేల చదును చేయండి. అడుగు లోతు తడిసేలా నీళ్లు పట్టండి. పొడి మట్టిలో వేడి కిందికి దిగదు, నానిన గింజ చచ్చినంత తేలిగ్గా పొడి గింజ చావదు. మర్నాడు పట్టాను నేలకు అంటుకునేలా లాగి పరిచి, చుట్టూ అరడుగు లోతు కందకంలో అంచులు పెట్టి మట్టితో పూడ్చండి. ఇటుకలు పెట్టి సరిపెడితే మన మధ్యాహ్నపు సముద్రపు గాలికి ఒక్క రోజు కూడా నిలవదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. చిరుగు కనిపిస్తే ఆ రోజే టేపు వేయండి. మే నెల గాలివాన వచ్చి పట్టా మీద నీరు నిలిస్తే తుడిచేయండి, ఆ నీరున్నంతసేపూ కింద మట్టి సరిగా కాగదు.

కొబ్బరిచెట్టు నీడలోనో ప్రహరీ పక్కనో ఇది పనిచేయదు. రోజుకు కనీసం ఆరేడు గంటలు నేరుగా ఎండ పడాలి. పట్టా తీశాక రెండు అంగుళాల కంటే లోతు తవ్వకండి. చిన్న గింజల కలుపు మీద దీని దెబ్బ గట్టిగా ఉంటుంది. తుంగ గడ్డలు లోతున ఉంటాయి కాబట్టి వాటిని దీనికి వదిలేసి నిశ్చింతగా ఉండకండి.

తుంగ

అన్నిటికంటే మొండిది ఇదే. నేలలో గడ్డకూ గడ్డకూ మధ్య సన్నని కాడ ఉంటుంది, గొలుసంతా ఒకటే మొక్క. ఆయుర్వేద దుకాణాల్లో తుంగముస్తెలని అమ్మేవి ఆ గడ్డలే. ఎక్కువ భాగం పైన ఆరంగుళాల్లో ఉంటాయి, కొన్ని అడుగు లోతుకీ పోతాయి. గొలుసు తెగనంతవరకు కొసనున్న గడ్డ మొలిచి మిగతా చాలావాటిని నిద్రలో ఉంచుతుంది. పారతోనో రోటవేటర్‌తోనో ముక్కలు చేశారా, నిద్రపోయేవన్నీ లేస్తాయి. తవ్వించిన నెలకే తుంగ ముందుకంటే దట్టంగా రావడానికి కారణం ఇదే. పట్టాలు కప్పినా దాని సూది మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని పైకొస్తుంది.

దీనికి రెండు వైపుల నుంచి పని పెట్టాలి.

వేసవిలో గడ్డలు ఏరడం మొదటిది. మార్చి, ఏప్రిల్‌లో మడికి కొద్దిగా తడిపెట్టి, మర్నాడు పంగల పారతో అడుగు లోతు నుంచి మట్టిని కొయ్యకుండా ఎత్తండి. చేత్తో పొడి చేస్తూ గొలుసులు గొలుసులుగా లాగి ఏరండి. అరచదరపు మీటరుకే గంట పడుతుంది, కాబట్టి పెరడంతా పెట్టుకోకండి, కూరగాయలు వేసే మడి వరకు చాలు. ఏరిన తర్వాత మట్టిని వారం పది రోజులు ఎండకు వదిలి, మధ్యలో ఒకసారి తిరగేయండి. పైకొచ్చిన గడ్డలు ఎండి చస్తాయి.

రెండోది ఆకలితో చంపడం. మొలక వచ్చిన మూడు నాలుగు వారాలకే తుంగ కింద కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. అంతకంటే ముందే, రెండు వారాలకోసారి, ఐదారు ఆకులున్నప్పుడు నేలలోకి అంగుళం దించి కోసేయండి. ప్రతిసారీ మొలవడానికి గడ్డ తన పిండిని ఖర్చు పెడుతుంది, తిరిగి నింపుకోవడానికి మీరు వ్యవధి ఇవ్వరు. ఒక కారంతా వదలకుండా చేయాలి. మధ్యలో నెల రోజులు ఊరెళ్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, అలాంటప్పుడు పక్కింటివారికి బొరిగె ఇచ్చి వెళ్లండి.

తుంగ నీడకు ఓర్చుకోలేదు. ఏరిన మడిలో వానలు మొదలవగానే చిలగడదుంప తీగ ముక్కలు అడుగు ఎడంతో నాటండి. లేకపోతే బొబ్బర్లు అడుగు వరసల్లో, గింజకూ గింజకూ నాలుగు అంగుళాలు వదిలి వేయండి. బొబ్బర్లు నలభై రోజుల్లో నేలను కప్పేస్తాయి. ఆ మొదటి నలభై రోజులూ మాత్రం మధ్య మధ్య తుంగ తీయాల్సిందే.

ఏరిన గడ్డల్ని కంపోస్టులో వేయకండి, నీళ్లలో నానబెట్టి చంపాలనీ చూడకండి, తడికి అవి చాలాకాలం ఓర్చుకుంటాయి. మేడ మీద సిమెంటు నేలపై రెండు వారాలు ఎండబెట్టండి. ఒకటి విరిచి చూడండి. లోపల తెల్లగా ఉంటే ఇంకా బతికుంది. ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగితే పని అయిపోయినట్టు.

గరిక

గరికను కోయకండి, తీగ కొస పట్టుకుని గునపంతో లేపుతూ మొదలు దాకా వెళ్లండి. పక్క స్థలం నుంచి వస్తుంటే హద్దు వెంట అరడుగు నుంచి ఎనిమిది అంగుళాల లోతున నాపరాయి ముక్కలు నిలువుగా పాతి, రెండు అంగుళాలు పైకి ఉంచండి. రాయి మీదుగా పాకే తీగను పది రోజులకోసారి కత్తిరిస్తే చాలు. వినాయక చవితికి గరిక కావాలి కదా, ఒక కుండీలో పెంచుకోండి, నేలలో వద్దు.

నేలను కప్పడం

ఇంత చేసినా మట్టి బోసిగా ఉంటే గాలికీ పిట్టలకీ వచ్చిన గింజ మళ్లీ మొలుస్తుంది. మల్చింగ్, అంటే ఆకుతోనో పొట్టుతోనో నేలను కప్పడం, లేకుండా పైవన్నీ సగం పనులే. మందం మూడు అంగుళాలు ఉండాలి. అంగుళం వేస్తే కలుపుకు తడి అందించి మేలు చేసినట్టే అవుతుంది. పది అడుగుల చదరపు మడికి మూడు అంగుళాల మందం అంటే 25 ఘనపుటడుగులు. ఎండుటాకు కుక్కిన పెద్ద బియ్యం గోనెలు తొమ్మిది పది పడతాయి. నెల తిరిగేసరికి అణగిపోతుంది కాబట్టి మరో మూడు నాలుగు గోనెలు పక్కన పెట్టుకోండి. తుపాను తర్వాత వీధి నిండా రాలిన ఆకు చెత్తబండి ఎక్కకముందే తెచ్చి ఎండబెట్టుకోండి.

విశాఖలో చవగ్గా దొరికేవి, ఒక్కోదానితో జాగ్రత్తలు:

ఎండుటాకు అన్నిటికంటే మంచిది. మామిడి, జీడి, బాదం ఆకులు పెద్దవి కాబట్టి ఒకదానిమీదొకటి అంటుకుని నీటిని దిగనివ్వవు. గోనెలో వేసి తొక్కి ముక్కలు చేసి వేయండి.

చెరకు పిప్పి రసం బళ్ల దగ్గర ఊరికే ఇస్తారు. పచ్చిగా వేస్తే చీమలు, ఈగలు ముసురుతాయి. మూడు రోజులు గట్టి ఎండలో పెట్టాకే వాడండి.

కొబ్బరి పొట్టులో ఉప్పు, చేదు పదార్థాలు ఉంటాయి. తొట్టిలో నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండండి. కుండీలకు పైన అంగుళం చాలు. బొండాం డొక్కల్ని నాలుగు ముక్కలు చేసి బోర్లించి చెట్ల పాదుల్లో పేర్చొచ్చు. వెల్లకిలా పెడితే నీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి.

వరిగడ్డితో ఊద గింజలు, రాలని వడ్లు వస్తాయి. బాగా దులిపి వేయండి. భీమిలి వైపు దొరికే సరుగుడు ఆకు నడకదారులకు బాగుంటుంది, చిన్న గింజల్ని మొలవనివ్వదు. అందుకే ఆకుకూర మడుల్లో వేయకండి. రంపపు పొట్టును మట్టిలో కలిపితే అది కుళ్లడానికి నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్కలు పసుపురంగుకు తిరిగి ఎదగకుండా నిలబడిపోతాయి. పైన పలచగా మాత్రమే వేయండి.

గడ్డి దట్టంగా ఉన్న చోట ముందు అట్టపెట్టెలు పరచండి. టేపు, పిన్నులు తీసేసి, రెండు పొరలుగా, అంచులు అరడుగు ఒకదాని మీదొకటి వచ్చేలా వేసి, నీళ్లతో బాగా తడిపి, పైన ఆకు వేయండి. అట్ట లేకపోతే న్యూస్‌పేపర్లు ఎనిమిది పది పొరలు. అంచుల మధ్య బెత్తెడు సందు దొరికినా గరిక అక్కడినుంచే తల ఎత్తుతుంది.

కాండానికి రెండు మూడు అంగుళాలు దూరంగా ఉంచండి, ఆనించి వేస్తే మొదలు కుళ్లుతుంది. ఇంటి గోడకు అడుగు దూరం వదలండి. ఎర్రమట్టి నేలల్లో చెదలు సహజం, అవి ఉన్న చోట అట్ట మానేసి ఉత్త ఆకే వేయండి. వానాకాలంలో మల్చ్ కింద నత్తలు చేరతాయి. నారు నాటిన మొదటి రెండు వారాలు మొక్కల చుట్టూ జానెడు మేర ఖాళీగా ఉంచి, సాయంత్రం లైటు పట్టుకుని ఏరేయండి. జెర్రులు, తేళ్లు ఉండొచ్చు, చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి.

కొండవాలు స్థలాల్లో వేరే లెక్క

మధురవాడ, సింహాచలం, ఎండాడ వైపు ఇళ్లలో పెరడు వాలుగా ఉంటే, జూన్ నుంచి నవంబరు దాకా కలుపును వేరుతో పీకకండి. ఆ ఎర్రమట్టిని పట్టి ఉంచేవి ఆ వేర్లే. వాలు శుభ్రంగా గీకి పెడితే ఒక్క గట్టి వానకు పైమట్టి వీధి కాలువలో ఉంటుంది. పూత రాకముందు కొడవలితో మూడు అంగుళాల ఎత్తులో కోసి, కోసిన గడ్డిని వాలుకు అడ్డంగా వరసలుగా పరచండి. మొదలంటా తీసే పని డిసెంబరు తర్వాత, కొంచెం కొంచెంగా, తీసిన చోట వెంటనే నిమ్మగడ్డిలాంటిది నాటుతూ చేయండి.

వయ్యారిభామ

ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, ఉబ్బసం, తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ లేకుండా ముట్టుకోకండి, పిల్లల చేత పీకించకండి. తెల్ల పూలు రాకముందు తడి నేలలో వేరుతో తీయండి. అప్పటికే పూసి ఉంటే కదిపితే గింజ రాలుతుంది కాబట్టి ముందు పైకొమ్మలకు సంచి తొడిగి, తర్వాత మొదలు పీకండి. పూసినదాన్ని కంపోస్టులో వేయకండి.

టైల్స్ సందులు, ప్రహరీ అంచులు

ఇక్కడ మరిగే నీళ్లు బాగా పనిచేస్తాయి. రెండు మూడు అడుగుల సందుకు ఒక లీటరు చొప్పున నెమ్మదిగా పోయండి. చిన్న మొక్కలు ఒక్కసారికే చస్తాయి, ముదిరినవాటికి రెండు వారాల తర్వాత ఇంకోసారి పోయాలి. చెట్ల వేర్లకూ ప్లాస్టిక్ గొట్టాలకూ దూరంగా ఉంచండి, కాళ్లకు బూట్లు వేసుకోండి.

వంటింటి వెనిగర్ బలం నాలుగైదు శాతమే. రెండాకుల మొలకను ఎండలో మాడుస్తుంది, వేరును తాకలేదు. తుంగ మీద, గరిక మీద పోయడం డబ్బు దండగ. ఉప్పు మాత్రం ఎక్కడా వద్దు. సముద్రం దగ్గరి వీధుల్లో చాలా బోర్లలో నీళ్లు ఇప్పటికే ఉప్పగా ఉంటాయి. మీరు చల్లింది వానకు కరిగి పక్క మడిలోకి దిగితే అక్కడ కలుపుతో పాటు బెండ కూడా మొలవదు.

కలుపు లోపలికి వచ్చే దారులు

మాగని పశువుల ఎరువు మొదటి దారి. ఆవు తిన్న గడ్డి గింజలు పేడలో బతికే ఉంటాయి. కొత్త లోడు దించుకునే ముందు ఒక ట్రేలో రెండు అంగుళాల మందం పోసి తడిపి పన్నెండు రోజులు చూడండి. దట్టంగా మొలిస్తే ఆ ఎరువును ఇంకా మగ్గనివ్వాలి. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టేలా పెద్ద కుప్ప చేసి, వారానికోసారి బయటిది లోపలికి వచ్చేట్టు తిరగేయండి.

లారీ ఎర్రమట్టితో తుంగ గడ్డలు వస్తాయి. దించేముందు ఒక గంపెడు జల్లించి చూడమనండి. కడియం నుంచి వచ్చిన నర్సరీ మొక్కైనా, వీధి బండి మీద కొన్నదైనా, నాటే ముందు కుండీ పైమట్టి అంగుళం తీసి పారేయండి. మేడ మీది కుండీల్లో చిందరవందరగా మొలిచే పులిచింత చాలాసార్లు ఇలాగే వస్తుంది. దాని కాయ పండితే పగిలి గింజలు పక్క కుండీల్లోకి బాణాల్లా ఎగురుతాయి, పసుపు పువ్వు కనబడగానే తీయాలి.

పాదుల్లోనే నీళ్లు పోయండి. పైపు పట్టుకుని పెరడంతా తడిపితే వేసవిలో కూడా కలుపుకు కొదవ ఉండదు.

తీసినదాన్ని ఏం చేయాలి

గింజ పట్టనివి, ఎండ కాసే రోజుల్లో అయితే, మడిలోనే వేర్లు ఆకాశం వైపు ఉండేట్టు మల్చ్ మీద పరిచేయండి. గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర లేతగా ఉంటే పప్పులో వేసుకోవచ్చు. మురుగు కాలువ పక్కనా కుక్కలు తిరిగే చోటా కోయకండి. గంగవాయిలిని పోలిన నేలపాకుడు మొక్క ఒకటుంటుంది. కాడ తుంపితే పాలు కారితే అది కూర కాదు, పారేయండి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు ఈ ఆకుల్ని తరచుగా తినకపోవడం మంచిది.

గరిక ముక్కలు, గింజ పట్టినవి ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలో సగం దాకా వేసి, ఇటుక బరువు పెట్టి, మునిగేలా నీళ్లు పోసి మూత బిగించండి. మూత లేకపోతే డెంగీ దోమకు మీరే చోటిచ్చినట్టు. నాలుగు వారాలకు కుళ్లుతుంది, వాసన గట్టిగా ఉంటుంది కాబట్టి కిటికీలకు దూరంగా పెట్టండి. ఆ నీటిని దట్టమైన గుడ్డలో గింజ రాకుండా వడగట్టి, ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి మొక్కల మొదట్లో పోయండి, ఆకుకూరల మీద చల్లకండి. అడుగున మిగిలిన ముద్దను గుంట తీసి అడుగున్నర లోతున పూడ్చేయండి.